జీరో టికెట్ సరే, బస్సు ఏ టైమ్‌కు వస్తుంది?

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డో, ఇంకో గుర్తింపు కార్డో చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తారు. 2025 జూలై నాటికి ఈ టికెట్లు 200 కోట్లు దాటాయి. సగటు తీస్తే రోజుకు దాదాపు 34 లక్షల ప్రయాణాలు. దీన్ని ఉచితాల ఖాతాలో వేసి పక్కన పెట్టేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటే ప్రయాణం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. భర్తనో కొడుకునో అడిగి, ఎక్కడికో ఎందుకో చెప్పి, తిరిగొచ్చాక మిగిలిన చిల్లర అప్పజెప్పే అవసరం పోయిందంటే అది చిన్న విషయం కాదు. ఊరు దాటాలా వద్దా అన్నది చాలామంది ఆడవాళ్లు ఇప్పుడు తామే తేల్చుకోగలుగుతున్నారు.

అయితే బస్సు ప్రయాణానికి అయ్యే ఖర్చు ఛార్జీ ఒక్కటే కాదు. స్టేజీ దగ్గర గంటసేపు నిలబడటం ఖర్చే. మెయిన్ రోడ్డు మీద దిగి చీకట్లో ఊళ్లోకి నడవడం ఖర్చే. లాస్ట్ బస్సు పోతుందేమోనన్న టెన్షన్‌తో పని సగంలో వదిలేసి పరుగెత్తడమూ ఖర్చే. వీటిలో ఏదీ ఇంకా జీరో కాలేదు. ఉత్తర తెలంగాణలో ఇప్పుడు మాట్లాడుకోవాల్సింది వీటి గురించే.

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వచ్చే ఒక కోడలి రోజును తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఊరు ములుగు వైపు అనుకుందాం. అత్తకు షుగర్, కాలి మీద మానని పుండు. కోడలు నాలుగున్నరకు లేచి వంట చేసి, పిల్లలకు డబ్బాలు కట్టి, బర్రెకు గడ్డి వేసి, అత్తను మెల్లగా నడిపించుకుంటూ స్టేజీ దాకా తెస్తుంది. ఎక్స్‌ప్రెస్ ఆగితే ఎక్కుతారు, ఆగకపోతే పల్లె వెలుగు కోసం చూస్తారు. ఎంజీఎంలో ఓపీ చీటీ కోసం ఒక లైను, డాక్టర్ దగ్గర ఇంకో లైను, రక్త పరీక్షకు మరో లైను. రిపోర్టు మధ్యాహ్నం తర్వాతే వస్తుంది. ఈలోపు చిన్నోడి బడి వదిలే టైమ్ అవుతుంది కాబట్టి పక్కింటి వదినకు ఫోన్ చేసి, వాణ్ని కాస్త చూడమని చెప్పాలి. రిపోర్టు తీసుకుని మళ్లీ డాక్టర్‌కు చూపించి, మందులు కొని, దారిలో కూరగాయలు తీసుకుని బస్టాండ్ చేరేసరికి సాయంత్రం బస్సు ఉందో వెళ్లిపోయిందో తెలియదు. ఒక్కోసారి రిపోర్టు తీసుకోకుండానే తిరిగొస్తారు. అంటే ఇంకో రోజు మళ్లీ ఇదంతా చేయాలి, ఇంకో రోజు కూలి పోవాలి.

ఇదే ఇంట్లో ఉద్యోగం చేసే మగవాడి ప్రయాణం దాదాపు ఒక గీత లాంటిది. పొద్దున ఇంటి నుంచి పనికి, సాయంత్రం పని నుంచి ఇంటికి. ఆడవాళ్లది అలా ఉండదు. ఒక్కసారి బయటికి వస్తే నాలుగు పనులు, నాలుగు చోట్లు, వెంట ఒక ముసలమ్మో చంటిపిల్లో, చేతిలో సంచి. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. ఈ తేడా ఇంటి గోడల మధ్యే ఆగిపోదు, రోడ్డు మీదికీ వస్తుంది. స్పెయిన్‌కు చెందిన పట్టణ ప్రణాళికా నిపుణురాలు ఇనెస్ సాంచెజ్ ది మదరియాగ చాలా ఏళ్లుగా చెబుతున్నది ఇదే. పిల్లల కోసం, పెద్దల కోసం, ఇంటి కోసం చేసే ప్రయాణాలను సర్వేలు ‘షాపింగ్’, ‘ఇతరాలు’ అంటూ ముక్కలు చేసి చూపిస్తాయని, వాటన్నిటినీ ఒక్కచోట కలిపితే ఉద్యోగ ప్రయాణాలకు దీటుగా నిలుస్తాయని ఆమె మాడ్రిడ్ లెక్కలతో చూపించారు. లెక్కలో కనిపించని ప్రయాణానికి బస్సు వేయాలని ఏ అధికారికీ తోచదు.

మన దగ్గర డిపోలో బస్సు టైమ్‌ను ఎలా నిర్ణయిస్తారు? ఆర్టీసీ ఏళ్ల తరబడి చూస్తున్నవి రెండు లెక్కలు. బస్సు ఎంత నిండింది అన్నది ఆక్యుపెన్సీ రేషియో. కిలోమీటర్‌కు ఎంత రాబడి వచ్చింది అన్నది ఈపీకే. ఈ రెండూ తగ్గిన ట్రిప్పును తీసేయడం, పెరిగిన చోట ఇంకోటి వేయడం మామూలు పద్ధతి. సంస్థ నష్టాల్లో ఉన్నప్పుడు అధికారులు ఇలా ఆలోచించడాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ లెక్కలో పొద్దున, సాయంత్రం కాలేజీ, ఆఫీసు టైమ్ ట్రిప్పులే గట్టిగా నిలబడతాయి. పదకొండు నుంచి మూడు మధ్య, రాత్రి ఏడున్నర తర్వాత నడిచేవి మొదట తెగిపోతాయి. ఎంజీఎం నుంచో హనుమకొండ ప్రసూతి ఆస్పత్రి నుంచో ఆడవాళ్లు తిరిగి బయల్దేరేది ఎక్కువగా ఆ మధ్యాహ్నం వేళల్లోనో, సాయంత్రం పొద్దుపోయాకో.

మహాలక్ష్మి వల్ల ఈ లెక్క మారాల్సిన కారణం ఒకటి పుట్టింది. జీరో టికెట్ ప్రయాణికురాలికి జీరో, ఆర్టీసీకి కాదు. ఆ ఛార్జీ ప్రభుత్వం కట్టాలి. మొదటి 200 కోట్ల ప్రయాణాల విలువ సుమారు 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. కాబట్టి మధ్యాహ్నం ట్రిప్పులో ఇరవై మంది ఆడవాళ్లు ఎక్కితే కాగితం మీద అది రాబడే. ఆ డబ్బు ఎప్పటికప్పుడు సంస్థకు చేరి, డిపో పద్దులో కనిపిస్తేనే మేనేజర్‌కు ఆ ట్రిప్పు నిలబెట్టే ధైర్యం వస్తుంది. బకాయిగా ఉండిపోతే, నిండిన బస్సు కూడా డీజిల్ దండగలాగే కనిపిస్తుంది.

ఇంకో సంగతి అంతకన్నా ముఖ్యం. కండక్టర్ చేతిలోని టికెట్ మిషన్ ప్రతి జీరో టికెట్ మీదా ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, టైమ్ నమోదు చేస్తుంది. ఆడవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వేళలో వెళ్తున్నారన్న సమాచారం ఇంత పెద్ద ఎత్తున దేశంలో చాలా కొద్ది చోట్లే ఉంటుంది. ఎవరి పేరూ అక్కర్లేదు. పరకాల నుంచి హనుమకొండకు మధ్యాహ్నం ఒంటిగంటకు ఎంతమంది, నర్సంపేట నుంచి వరంగల్‌కు మంగళవారం ఎంతమంది అన్నది గంటల వారీగా తీస్తే చాలు. సర్వే కోసం కన్సల్టెంట్లకు డబ్బు పోయాల్సిన పనిలేదు. ఆ వివరాలను డిపోల వారీగా జనం ముందు పెట్టాలి.

అయితే మిషన్‌కు తెలిసేది ఎక్కినవాళ్ల సంగతే. చెయ్యెత్తినా బస్సు ఆపకుండా వెళ్లిపోతే స్టేజీలో మిగిలిపోయినవాళ్లు అందులో ఉండరు. ఆరింటి తర్వాత తిరుగు బస్సు ఉండదని తెలిసి డిగ్రీ సెకండ్ ఇయర్‌లో చదువు ఆపేసిన అమ్మాయీ ఉండదు. పథకం మొదలైన నెలలోనే అప్పటి ఆర్టీసీ ఎండీ వీసీ సజ్జనార్, దగ్గరి ఊళ్లకు వెళ్లే ఆడవాళ్లు ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కకుండా పల్లె వెలుగులో వెళ్లాలని కోరారు. దూరం వెళ్లేవాళ్ల ఇబ్బంది చూస్తే అది న్యాయమైన విజ్ఞప్తే. కానీ ఆ టైమ్‌లో ఆ రూట్‌లో పల్లె వెలుగు ఉన్నప్పుడే ఆ మాటకు అర్థం.

పల్లెల్లో అందరికీ తెలిసిన మంచి ఏర్పాటు నైట్ హాల్ట్. రాత్రి చివరి ట్రిప్పుగా వచ్చిన బస్సు ఊళ్లోనే ఆగుతుంది. డ్రైవర్, కండక్టర్ అక్కడే పడుకుని, తెల్లారి ఫస్ట్ బస్సుగా టౌన్‌కు తీసుకెళ్తారు. ఒక్క బస్సుతో రెండు పనులు అవుతాయి. హనుమకొండలో బట్టల షాపులోనో, ప్రైవేటు ఆస్పత్రిలోనో పనిచేసే అమ్మాయి రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రాగలుగుతుంది. పొద్దున ఎనిమిది లోపు ఓపీ లైనులో నిలబడాల్సిన మనిషి ముందురోజే వచ్చి ఆస్పత్రి వరండాలో పడుకోవాల్సిన అవసరం తప్పుతుంది. ఆడవాళ్ల చదువు, ఉద్యోగం దృష్టితో చూస్తే ఒక ఊరికి నైట్ హాల్ట్ ఉండటం, లేకపోవడం మధ్య తేడా చాలా పెద్దది. దీనికి అడ్డం చిన్నదే. సిబ్బంది పడుకోవడానికి తాళం వేసుకునే గది, నీళ్లు, బాత్‌రూమ్ కావాలి. గ్రామ పంచాయతీ తల్చుకుంటే ఆ గది ఇవ్వగలదు. మహిళా కండక్టర్లకు నైట్ హాల్ట్ డ్యూటీ కష్టమవుతున్నదీ ఈ గది లేకనే. ప్రయాణించే ఆడవాళ్లకూ, ఆ బస్సులో ఉద్యోగం చేసే ఆడవాళ్లకూ ఒకే పరిష్కారం ఉన్న చోటు ఇది.

బస్సు దిగాక ఇంటిదాకా ఉండే దారిని ఎవరూ తమ పనిగా భావించరు. ఆర్టీసీ బాధ్యత స్టేజీతో అయిపోతుంది. రోడ్డు ఒక శాఖది, వీధి దీపం పంచాయతీది, ఆటో ఎవరిదో ఒకరిది. జాతీయ రహదారి నాలుగు లైన్లయ్యాక దారి ఇంకా పొడవైంది. డివైడర్ పడింది, కార్ల వేగం పెరిగింది. ఇటువైపు దిగిన ఆమె అటువైపు ఊళ్లోకి దాటాలంటే ఎంతో దూరంలో ఉన్న అండర్‌పాస్ దాకా నడవాలి, లేదంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని డివైడర్ ఎక్కాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడే స్టేజీ ఎక్కడ, దాటే చోటు ఎక్కడ, దీపం ఎక్కడ అన్నది తేల్చడానికి పెద్ద ఖర్చేం కాదు. తర్వాత చేయాలంటేనే కష్టం.

షేర్ ఆటోల విషయంలో కూడా తొందరపడకూడదు. ఉచిత బస్సు వచ్చాక ఆటో డ్రైవర్ల రాబడి బాగా పడిపోయింది. వాళ్లు రోడ్డెక్కారు, ఏటా 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీని గుర్తు చేస్తూనే ఉన్నారు. దాన్ని ఆడవాళ్లకూ ఆటోవాళ్లకూ మధ్య గొడవగా చూపించడం తేలిక. నిజానికి బస్సు వెళ్లని రెండు మూడు కిలోమీటర్ల దారిలో, రాత్రి ఎనిమిది తర్వాత, ఆడవాళ్లకు మిగిలేది ఆ ఆటోనే. పగటి గిరాకీ పోయి ఆటో అమ్ముకున్నవాడు రాత్రికి స్టేజీ దగ్గర ఉండడు. లాస్ట్ బస్సు టైమ్‌కు స్టేజీలో ఉండే ఆటోలకు పంచాయతీ ఏదో ఒక భరోసా సొమ్ము ఇచ్చి, నంబర్ నమోదు చేసి, రేటు బోర్డు పెడితే ఇద్దరికీ మేలు. గ్రేటర్ హైదరాబాద్‌లో 2022లో ఆర్టీసీ, రాత్రి ఏడున్నర తర్వాత ఆడవాళ్లు అడిగిన చోట బస్సు ఆపాలని చెప్పింది. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మధ్య తిరిగే బస్సులకూ, ఊళ్లకు వెళ్లే చివరి ట్రిప్పులకూ అదే నియమం పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఇక బస్సు లోపలి సంగతి. ‘స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం’ అన్న మాట ఆర్టీసీ బస్సెక్కిన ప్రతివాళ్లూ చదివిందే. నిండిపోయిన బస్సులో ఆ అక్షరాల కిందే జరగకూడనివి జరిగిపోతుంటాయి. రద్దీ పెరిగితే వేధించేవాడికి సాకు దొరుకుతుంది, ‘తగిలింది, కావాలని కాదు’ అంటాడు. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థినుల మీద జరిగిన ఒక పరిశోధనలో, దారి కాస్త భద్రంగా ఉంటుందంటే మంచి ర్యాంకున్న కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీలో చేరడానికి అమ్మాయిలు సిద్ధపడుతున్నారని తేలింది. సీటు వచ్చాక కూడా దారి భయం చదువును తినేస్తోంది. కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్ల కోసం అంత పోటీ ఎందుకుంటుందో ఆలోచించేటప్పుడు ఈ కోణం కూడా చూడాలి.

2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత దేశం ఎక్కువగా నమ్ముకున్నది కెమెరాలను, ప్యానిక్ బటన్లను. అవీ ఉండాలి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకూ పనికొస్తుంది. 100కో 112కో ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం మీద నిఘా పెడతారు. ఈ ముక్క ప్రతి స్టేజీ గోడ మీదా రాసి ఉండాలి. కానీ పల్లె వెలుగులో ఏదైనా జరిగినప్పుడు ఆమె మొదట చూసేది కండక్టర్ వైపే. ఆయనో ఆమెనో బస్సు ఆపించి, వాణ్ని దింపి, అవసరమైతే నేరుగా ఠాణాకు పోనిస్తే, ఆ రూట్‌లో ఆ కబురు చాలాకాలం పనిచేస్తుంది. ‘కొంచెం అటు జరగమ్మా’ అని ఊరుకుంటే అదీ అంతే గట్టిగా పనిచేస్తుంది. డ్రైవరే టికెట్ కొట్టే సర్వీసుల్లో ఆ మనిషే ఉండడు. అందుకే కండక్టర్ జీతాన్ని భద్రత ఖర్చుగా కూడా లెక్కవేయాలి.

విడిగా ఆడవాళ్ల బస్సులు వేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. పాకిస్తాన్‌లోని లాహోర్‌లో జరిగిన ఒక ప్రయోగంలో, ఆడవాళ్లకు మాత్రమే నడిపే వాహనం కల్పిస్తామన్నప్పుడు ఉద్యోగాలకు దరఖాస్తు చేసే ఆడవాళ్లు గణనీయంగా పెరిగారు. అంటే దారి భయం అంత గట్టిదన్నమాట. కాలేజీ రూట్లలో, ఫ్యాక్టరీ షిఫ్టులకు ఇవి ఉపయోగమే. గీసుగొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కులో చేరుతున్న అమ్మాయిలకు కంపెనీ బస్సే ఉద్యోగాన్ని నిలబెడుతుంది. కానీ రోజుకు రెండే ట్రిప్పులున్న ఊరికి అందులో ఒకటి ఆడవాళ్లకు మాత్రమే అంటే నష్టపోయేది ఆడవాళ్లే.

బస్సు మెట్టు ఎత్తు, బస్టాండ్ బాత్‌రూమ్ అందరికీ తెలిసిన కష్టాలే. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మను కింది నుంచి ఒకరు ఎత్తి, పై నుంచి ఇంకొకరు లాగే దృశ్యం ఏ ఊళ్లో చూసినా ఉంటుంది. బాత్‌రూమ్ బాగుండదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ప్రయాణం చేసే ఆడవాళ్లు ఎంతమందో. కొత్తగా కట్టే బస్టాండ్లలో దుకాణాల గదుల కన్నా ముందు ఇవి చూడాలి.

రవాణా లేకపోవడం ఆడవాళ్లు ఏ పని చేస్తారన్నదాన్ని కూడా నిర్ణయిస్తుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో లక్షల మంది ఆడవాళ్లు బీడీలు చుట్టి బతుకుతున్నారు. నడుము, కళ్లు, ఊపిరితిత్తులు పాడవుతాయని తెలిసీ ఆ పని వదలకపోవడానికి ఒక కారణం, అది గడప దాటకుండా దొరికే పని. ఆకు, తంబాకు ఇంటికొస్తాయి, కట్టలు కార్ఖానాకు పోతాయి. బస్సుతో పనిలేదు. బిహార్‌లో 2006లో హైస్కూల్ అమ్మాయిలకు సైకిళ్లు ఇస్తే హైస్కూల్లో చేరే అమ్మాయిలు దాదాపు మూడో వంతు పెరిగారు. దూరం తగ్గితే చదువు మారుతుంది, పనీ మారుతుంది.

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగేది కైకిలికి, అంటే పొలాల్లో కూలి పనికి, వెళ్లే ఆడవాళ్ల బండ్ల గురించి. పత్తి ఏరేటప్పుడు, ఆ తర్వాత మిర్చి ఏరేటప్పుడు, తెల్లవారుజామునే భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు రోడ్ల మీద చూడాలి. ఆటోలో పదిహేను మంది, వెనుక సామాను పెట్టే చోట నలుగురు, కాళ్లు బయటికి. ట్రాలీ ఆటోలో, ట్రాక్టర్‌లో నిలబడి ముప్పై మంది. సద్ది గిన్నెలు ఒళ్లో. ప్రతి సీజన్‌లోనూ ఎక్కడో ఒకచోట బండి బోల్తా పడిందన్న వార్త వస్తుంది, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడ కూలీలే ఉంటారు. ఈ ప్రయాణానికి ఆర్టీసీ బస్సు పనికిరాదు. ఇవాళ ఒక చేను, రేపు ఇంకో చేను. బయల్దేరేది ఐదున్నరకు, వెళ్లేది డొంకదారిలో. జీరో టికెట్ ఆ బండి ఎక్కదు.

ప్రమాదం జరిగాక రెండో దెబ్బ తగులుతుంది. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. ట్రాలీలో నిలబడి వెళ్తున్న ఆమె చట్టం కంట్లో ప్రయాణికురాలూ కాదు, ఆ బండి మీద పనిచేసే కార్మికురాలూ కాదు. పరిహారం కోసం ఆ కుటుంబం బండి ఓనర్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి. ఓనర్ కూడా చాలాసార్లు అప్పుల్లో ఉన్న అదే ఊరివాడు.

పోలీసులు చలానా రాస్తే ఆ రోజుకు బండి ఆగుతుంది, మర్నాడు ఇంకో దారిలో పోతుంది. బండి లేకపోతే కూలి లేదు కాబట్టి ఆడవాళ్లే చలానాను తిట్టుకుంటారు. దానికి బదులు సరైన బండి కావాలి. దారి ఇప్పటికే సగం వేసి ఉంది. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యలు కొన్న బస్సులను ఆర్టీసీకి అద్దెకిచ్చే పథకం మొదలైంది. ఒక్కో బస్సుకు ఆర్టీసీ నెలకు 77,220 రూపాయల అద్దె ఇస్తుంది. బస్సులో కూర్చోవడమే కాదు, బస్సుకు ఓనర్లు కూడా అయ్యారు ఆడవాళ్లు. ఆ సమాఖ్యలకే, అదే తరహా రుణంతో, ప్యాసింజర్ పర్మిట్ ఉన్న చిన్న వ్యాన్లు ఇప్పించి, సీజన్‌లో కైకిలికి, మిగతా రోజుల్లో ఊరి నుంచి స్టేజీకి, ఆస్పత్రికి నడిపించవచ్చు. ఏ చేనుకు ఎంతమంది వెళ్తున్నారో గుంపు మేస్త్రికి ముందురోజు రాత్రే తెలుసు. బండి కిరాయి ఇప్పటికీ రైతో, కూలీలో కడుతూనే ఉన్నారు.

గ్రామైక్య సంఘం మీటింగ్ ఎలాగూ నెలనెలా జరుగుతుంది. పొదుపు, బాకీ లెక్కలతో పాటు అక్కడే ఇంకో అరగంట బస్సు గురించి మాట్లాడి, ఏ టైమ్‌కు బస్సు లేక ఎవరు ఆగిపోయారో రాసి డిపోకు పంపితే, టికెట్ మిషన్‌లో లేని సగం సమాచారం దొరుకుతుంది. డిపో మేనేజర్ మూడు నెలలకోసారి మండల సమాఖ్య ముందు కూర్చుని ఏ ట్రిప్పు ఎందుకు వేశారో, ఏది ఎందుకు తీశారో చెప్పాలి. జనవరిలో మిర్చి ఏరుడు మొదలవుతుంది. ఆలోపు రవాణా శాఖ, సమాఖ్య, మేస్త్రిలు కూర్చుని ఒక్క మండలంలోనైనా ఎన్ని బండ్లు, బండికి ఎన్ని సీట్లు, బీమా ఎవరు కట్టాలి అన్నది కాగితం మీద పెట్టొచ్చు.